మొదటి రేటుకే ఎవరన్నా లేస్తారా?

ఇడ్లీ డబ్బా మూత తీసి, కారప్పొడిలో నెయ్యి సరిపోలేదని అమ్మ నన్ను విసుక్కుంటుండగా మైకులో అనౌన్స్‌మెంట్ వచ్చింది. 2023లో, జులై నాలుగు సెలవులకి ముందు శుక్రవారం, డాలస్ ఎయిర్‌పోర్టు. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉన్న తమ్ముడి దగ్గరికని ఇద్దరం నెవార్క్ ఫ్లైట్ కోసం కూర్చున్నాం. గేటు దగ్గర నిలబడేచోటు కూడా లేదు.

"ఏమంటోందే ఆవిడ?" అంది అమ్మ.

"సీట్లు ఉన్నవాటికంటే ఎక్కువ అమ్ముకున్నారంట. నలుగురు ఇష్టపడి ఆగిపోయి తర్వాత ఫ్లైట్‌లో వస్తామంటే, మనిషికి మూడొందల డాలర్లు ఇస్తారంట."

అమ్మకి డాలర్‌ని ఎనభై రెండుతో గుణించడానికి రెండు సెకన్లు చాలు. "ఇరవై నాలుగు వేలా? ఊరికే కూర్చున్నందుకా?" అంది. నేను అప్పటికే లేచి నిలబడ్డాను. అమ్మ నా చున్నీ పట్టుకుని లాగింది. "కూర్చో. మొదటి రేటుకే ఎవరన్నా లేస్తారా?"

తెనాలిలో మా ఇంటికి చీరల మూట వేసుకొచ్చే ఆయనతో అమ్మ బేరం ఆడటం చూస్తూ పెరిగినదాన్ని నేను. ఆయన మూట కట్టుకుని గేటు దాటి, మళ్ళీ వెనక్కొచ్చేదాకా అమ్మ వత్తుల కోసం దూది ఏకుతూనే ఉండేది. తలెత్తి చూసేది కూడా కాదు. ఆ విద్య నాకు రాలేదు.

రాలేదని ఎలా తెలుసంటే, అంతకుముందు ఒకసారి ఇదే పని చేసి బోల్తాపడ్డాను కాబట్టి. పెళ్లికాని రోజులు, కన్సల్టెంటు ఉద్యోగం, సోమవారం పొద్దున ఎక్కడం గురువారం రాత్రి దిగడం. ఒక గురువారం మైకులో రెండొందలు అనగానే పరుగెత్తుకెళ్ళి చెయ్యెత్తాను, ఎవరైనా ముందు పోతారేమోనని టెన్షన్. వోచరు, అంటే ఆ ఎయిర్‌లైన్ టికెట్లకే వాడుకోవాల్సిన కూపను, చేతికొచ్చింది. చాలా గొప్పగా అనిపించింది. తర్వాత చూస్తే అది నా పేరు మీద తప్ప చెల్లదు, సంవత్సరంలోపే వాడాలి, వెబ్‌సైట్‌లో పనిచేయదు, ఫోన్ చేసి నలభై నిమిషాలు పాట వింటూ ఆగాలి. వాడకుండానే గడువైపోయింది. నా వెనక లైన్లో నిలబడి తీరిగ్గా మాట్లాడినతను నాలుగొందలు తీసుకున్నాడని కూడా అప్పుడే తెలిసింది, అదే ఫ్లైట్, అదే సీటు, పది నిమిషాల తేడా.

అసలు ఎందుకు ఎక్కువ అమ్ముతారని అమ్మ అడిగింది. సినిమా హాల్లో అట్టా చేస్తే జనం ఊరుకుంటారా అంది. టికెట్ కొన్నవాళ్ళలో కొందరు ప్రతిసారీ రారు. మీటింగ్ లేటయినవాళ్ళు, కనెక్షన్ తప్పినవాళ్ళు, ఫ్లైటెక్కే రోజు మనసు మార్చుకున్నవాళ్ళు. ఎగిరిపోయిన ఖాళీ సీటుని మర్నాడు అమ్ముకోలేరు కదా, అందుకని పాత లెక్కలు చూసి, ఇంతమంది రారని అంచనా వేసుకుని అన్ని టికెట్లు అదనంగా అమ్ముతారు. మామూలు రోజుల్లో అంచనా సరిపోతుంది. పండగ ముందు శుక్రవారం మాత్రం అందరూ వచ్చేస్తారు. కొన్నిసార్లు అమ్మకం తప్పు కూడా ఉండదు, పెద్ద విమానం పాడై చిన్నది తెచ్చిపెడతారు, లేదా ఎండలకి విమానం అంత బరువు లేపలేక కొందరిని తగ్గించాల్సొస్తుంది.

ఈ వేలంపాట వెనక కథ నాకు భలే ఇష్టం. 1972లో రాల్ఫ్ నాడర్‌ని, వినియోగదారుల తరఫున కొట్లాడి కార్ల కంపెనీలని వణికించిన ఆ లాయర్నే, వాషింగ్టన్ నుంచి హార్ట్‌ఫర్డ్ వెళ్ళాల్సిన ఫ్లైట్‌లో సీటు లేదని ఆపేశారు. అలెఘెనీ ఎయిర్‌లైన్స్. ఎవరిని ఆపుతున్నారో చూసుకోవాల్సింది పాపం. ఆయన కోర్టుకెళ్ళాడు, కేసు సుప్రీంకోర్టు దాకా పోయి 1976లో తీర్పొచ్చింది. అంతకుముందే, 1968లో, జూలియన్ సైమన్ అనే ఎకనామిస్టు ఒక చిన్న వ్యాసం రాశాడు: సీట్లు చాలనప్పుడు ప్రయాణికులకి తలా ఒక కవరు, కాగితం ఇచ్చి, ఎంతిస్తే ఆగిపోతారో రాయమనండి, తక్కువ రాసినవాళ్ళకి డబ్బిచ్చి ఆపండి అని. ఎయిర్‌లైన్స్ కొట్టిపారేశాయి. చివరికి 1978లో, విమాన కంపెనీలని అదుపుచేసే అప్పటి ప్రభుత్వ సంస్థ సివిల్ ఏరోనాటిక్స్ బోర్డుకి ఆల్‌ఫ్రెడ్ కాన్ చైర్మన్‌గా ఉండగా, ముందు ఇష్టపడి ఆగేవాళ్ళని అడగాలన్నది నియమంగా వచ్చింది. కాన్ కూడా ఎకనామిస్టే.

దానికి ముందు ఏం జరిగేదో సైమన్ రాశాడు. ముసలివాళ్ళనీ, సైన్యంలో పనిచేసేవాళ్ళనీ కావాలని ఆపేసేవారట, వాళ్ళయితే గొడవ చెయ్యరని. మా అమ్మ ఆ గేటు దగ్గర వీల్‌చెయిర్‌లో కూర్చుని ఉంది, అరవై ఎనిమిదేళ్ళు, ఇంగ్లీషు రాదు. ఆ రోజుల్లో అయితే లిస్టులో మొదటి పేరు ఆవిడదే.

సరే, గేటు దగ్గరికొస్తే. మూడొందలకి ఎవరూ కదల్లేదు. అయిదొందలు అన్నాక బ్యాక్‌ప్యాక్ వేసుకున్న ఒక కుర్రాడు లేచాడు, నేను అమ్మ వంక చూశాను, అమ్మ ఇడ్లీ వంక చూసింది. ఈలోపు నేను ఫోన్‌లో లెక్క వేసుకున్నాను. ఇది కాస్త ఓపిగ్గా చదవండి, పనికొచ్చేది ఇదే. అమెరికాలో ఎవరూ ఇష్టపడి ఆగకపోతే ఎయిర్‌లైన్ బలవంతంగా ఆపొచ్చు, కానీ అప్పుడు మామూలుగా చట్టప్రకారం పరిహారం ఇవ్వాలి. డొమెస్టిక్‌లో గంటలోపు ఆలస్యంతో చేర్చేస్తే ఏమీ లేదు, గంట నుంచి రెండు గంటలైతే వన్-వే ఛార్జీకి రెండింతలు, రెండు గంటలు దాటితే నాలుగింతలు. దానికి పైన ఒక పరిమితి ఉంటుంది, అప్పట్లో 1,550 డాలర్లు, 2025 జనవరి నుంచి 2,150 చేశారు. అది వోచరు కాదు, అడిగితే నగదో చెక్కో ఇచ్చి తీరాలి. మా టికెట్ ఒకవైపుకి 190 పడింది. నాలుగింతలంటే 760. అంటే మమ్మల్ని మెడపట్టి ఆపినా వచ్చేది అంతే. వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లు చూసి అందరికీ రెండు వేలు వస్తాయనుకోకండి, అది పరిమితి మాత్రమే, రేటు కాదు.

కానీ ఇష్టపడి ఆగేవాళ్ళకి ఈ లెక్కేదీ వర్తించదు. అక్కడ చట్టం చేతులు కట్టుకుని నిలబడుతుంది, ఎంతకి ఒప్పుకుంటే అంత. తక్కువకి ఒప్పుకుంటే మన కర్మ, ఎక్కువ రాబడితే మన తెలివి. బలవంతంగా ఆపితే చెక్కు రాయడమే కాదు, ప్రభుత్వానికి లెక్క చెప్పాలి, ప్రయాణికుడు వీడియో తీసి పెడితే పరువు పోతుంది. అందుకే గేటు దగ్గర ఉన్నావిడకి మనతో అవసరం చాలా ఉంటుంది, మొహంలో కనపడనివ్వదు అంతే.

పరువంటే 2017 ఏప్రిల్ గుర్తుండే ఉంటుంది. చికాగో నుంచి లూయివిల్ వెళ్ళే యునైటెడ్ ఎక్స్‌ప్రెస్ ఫ్లైట్‌లో తమ సిబ్బంది నలుగురికి సీట్లు కావాల్సి, ఎనిమిది వందల దాకా పెంచి అక్కడ ఆగిపోయారు. ఎవరూ లేవలేదు. అప్పటికే సీట్లో కూర్చున్న ఒక డాక్టరుగారిని సెక్యూరిటీవాళ్ళు నడవలో ఈడ్చుకెళ్ళారు, ఆ వీడియో ప్రపంచమంతా చూసింది. ఇంకో రెండు వందలు పెంచి ఉంటే ఎవరో ఒకరు లేచేవారేమో. ఆ తర్వాత యునైటెడ్ ఇష్టపడి ఆగేవాళ్ళకిచ్చే పరిమితిని 10,000 డాలర్లకి పెంచుకుంది, మరుసటి ఏడాదే వాషింగ్టన్ డలెస్ ఎయిర్‌పోర్టులో ఒకావిడకి నిజంగానే 10,000 డాలర్ల వోచరు ఇచ్చింది కూడా. బోర్డింగ్ పాస్ స్కాన్ అయి లోపలికి వెళ్ళినవాళ్ళని సీటు చాల్లేదని దింపకూడదని 2021లో రూలు వచ్చింది.

ఏడొందలు అనగానే అమ్మ డబ్బా మూత పెట్టింది. "ఇప్పుడెళ్ళు. మనం ఇద్దరం కదా, ఇంకా ఆగితే రెండు సీట్లు దొరక్కపోవచ్చు."

అది నాకు తట్టలేదు సుమా. కావాల్సింది నలుగురు, ఒకడు లేచాడు, మిగిలింది మూడు, ఒక్కరే వెళ్ళేవాళ్ళు ఎప్పుడైనా దూరిపోతారు.

కౌంటర్ దగ్గరికెళ్ళి, గొంతు సవరించుకుని, ముందుగా అడిగిన ప్రశ్న: "మా తర్వాత రేటు పెరిగితే మాకూ అదే ఇస్తారా?" ఆవిడ నవ్వి, ఇస్తామంది. పదిహేను నిమిషాల తర్వాత నాలుగో మనిషి తొమ్మిది వందలకి ఒప్పుకున్నాడు, మా ఇద్దరికీ కూడా తొమ్మిదేసి వందలు పడ్డాయి. అడక్కపోతే ఇచ్చేవారో లేదో నాకైతే నమ్మకం లేదు. పాత దెబ్బ గుర్తుంది కాబట్టి బోర్డింగ్ పాసులు చేతికివ్వకముందే మిగతావీ అడిగేశాను: కొత్త ఫ్లైట్‌లో సీటు ఖాయమా లేక ఖాళీ ఉంటేనే ఎక్కించే స్టాండ్‌బైయా, డబ్బు వేసిన కార్డు ఇస్తారా వోచరా, గడువెంత, వేరేవాళ్ళ పేరు మీద టికెట్ కొనొచ్చా, భోజనానికి ఏమైనా ఇస్తారా. ఇచ్చారు, మనిషికి పదిహేను డాలర్ల కూపన్లు. అమ్మ తన కూపన్‌తో అరటిపళ్ళూ, ఎందుకో తెలీదు, ఒక పెద్ద చిప్స్ ప్యాకెట్టూ కొనుక్కుంది. కొన్ని ఎయిర్‌లైన్స్ ఇప్పుడు చెక్-ఇన్ చేసేటప్పుడే యాప్‌లో "ఎంతకి ఆగుతారు" అని అడుగుతున్నాయి. అందులో ఆశపడి చిన్న నంబరు వెయ్యకండి. నేనసలు ఆ పేజీ దాటేస్తాను, గేటు దగ్గర మనుషులతోనే మాట్లాడతాను.

ఇక నేను చేసిన తప్పు. కొత్త ఫ్లైట్ సాయంత్రం 6:40కి, నెవార్క్ చేరేసరికి రాత్రి పదకొండున్నర. లగేజీ మాత్రం మొదటి విమానంలోనే వెళ్ళిపోయింది. అందులో అమ్మ షుగరు మాత్రలు, బీపీ మాత్రలు. హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకోమని బయల్దేరేముందు మా ఆయన రెండుసార్లు చెప్పాడు, ఆ సంగతి ఆయనకి ఇప్పటికీ గుర్తుంది, నాకు గుర్తుచేస్తుంటాడు. రాత్రి భోజనంతో వేసుకోవాల్సిన మాత్ర అర్ధరాత్రి దాటాక పడింది. అమ్మ ఏమీ అనలేదు, కానీ ఆ అయిదారు గంటలూ ఆవిడ మొహం చూసినప్పుడల్లా పద్దెనిమిది వందల డాలర్లు నాకు ఏమాత్రం గొప్పగా అనిపించలేదు. ఇంకోటి, వీల్‌చెయిర్ రిక్వెస్టు కొత్త టికెట్‌కి దానంతటది మారలేదు, రెండో గేటు దగ్గర అరగంట బతిమాలాల్సొచ్చింది. పెద్దవాళ్ళతో వెళ్తుంటే టికెట్ మార్చేటప్పుడే అదీ చెప్పి రాయించుకోండి. తమ్ముడు ముందే ఎయిర్‌పోర్టుకెళ్ళి, బెల్టు మీద ఒంటరిగా తిరుగుతున్న మా సూట్‌కేసులు తీసుకుని ఇంటికెళ్ళిపోయాడు. మేం వెళ్ళేసరికి గోంగూర పచ్చడి సీసా పావు వంతు ఖాళీ.

డబ్బొస్తోంది కదా అని ప్రతిసారీ లేవకండి. విడిగా కొన్న టికెట్ మీద అటునుంచి హైదరాబాద్ ఫ్లైట్ పట్టుకోవాలంటే అసలు వద్దు, అది తప్పితే ఈ ఎయిర్‌లైన్‌కి సంబంధం లేదంటారు. రాత్రి ఆఖరి ఫ్లైట్ అయితే హోటల్ ఇస్తారా, రాసిస్తారా అని తేల్చుకోండి. ఈ విషయం మా గ్రూపులో చెప్తే ఒకాయన "వీసాకి ఏమన్నా ఇబ్బందా?" అని అడిగారు. డాలస్ నుంచి నెవార్క్ వెళ్ళడానికీ వీసాకీ ఏం సంబంధమండీ.

మన దగ్గర కూడా రూలుంది, చాలామందికి తెలీదు. విమానయానాన్ని చూసే మన ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం ముందు వాలంటీర్లని అడగాలి. బలవంతంగా ఆపితే, గంటలోపు బయల్దేరే వేరే ఫ్లైట్ ఇస్తే ఏమీ రాదు. 24 గంటల్లోపు బయల్దేరేది ఇస్తే వన్-వే బేసిక్ ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపి దానికి రెండింతలు, 10,000 రూపాయలు మించకుండా. 24 గంటలు దాటితే నాలుగింతలు, 20,000 మించకుండా. ఈ అంకెలు 2016 నుంచి ఉన్నవే.

ఇది అమ్మకి చెప్పడం నా పొరపాటు. ఆ ఆగస్టులో వెనక్కి వెళ్ళేటప్పుడు శంషాబాద్‌లో దిగి గన్నవరం ఫ్లైట్ కోసం కౌంటర్ దగ్గరికెళ్ళి, "బాబూ, సీట్లేమన్నా ఎక్కువ అమ్ముకున్నారా? నాకేం తొందర లేదు" అని అడిగిందట. ఆ అబ్బాయి బిత్తరపోయి, "లేదమ్మా, సగం ఖాళీయే, కావాలంటే కిటికీ సీటిస్తాను" అన్నాడట. ఇంటికెళ్ళి ఫోన్ చేసినప్పుడు ఆ మాటే ముందు చెప్పింది. కిటికీ సీటు తీసుకుందంట. దానికి విడిగా డబ్బులేమీ అడగలేదని రెండుసార్లు చెప్పింది.