పంటు దాటి తాబేళ్ల తీరానికి

నర్సాపురం రేవులో పంటు, అంటే బండ్లను కూడా దాటించే పెద్ద పడవ, ఎక్కేసరికి సాయంత్రం నాలుగు దాటింది. మార్చి 5వ తేదీ. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. పంటు మీద రెండు కార్లు, పది పన్నెండు మోటారు సైకిళ్లు, గడ్డిమోపుతో ఒక పెద్దావిడ, అవతలి ఒడ్డున పెళ్లికి వెళ్తున్న ఒక కుటుంబం. ఏడో తరగతి చదువుతున్న మా తమ్ముడి కొడుకు కటకటాలు పట్టుకుని వసిష్ఠ గోదావరిలోకి తొంగి చూస్తూ, "అత్తా, తాబేళ్లు ఇక్కడిదాకా వస్తాయా?" అని అడిగాడు. ఇంత పైకి రావు, నది సముద్రంలో కలిసే మొగ బయట తిరుగుతాయి, రాత్రిపూట ఇసుక మీదికి ఎక్కుతాయి అని చెప్పాను.

నాతో చదువుకున్న స్నేహితురాలు ఒకామె నాలుగేళ్లుగా ఈ తీరంలో తాబేళ్ల గుడ్లను కాపాడే పనిలో అటవీశాఖ వారికి తోడుగా ఉంటోంది. ఏటా పిలుస్తుంది, ఏటా నాకు పరీక్షలు అడ్డం వస్తాయి. ఈసారి ఫోను చేసి, "రోజూ ఎక్కుతున్నాయి. రావాలంటే ఈ వారమే రా" అంది. మరో ఆలోచన పెట్టుకోకుండా బయలుదేరాం.

బడిలో నేను భూగోళం చెబుతాను. గోదావరి ధవళేశ్వరం దగ్గర గౌతమి, వసిష్ఠలుగా చీలుతుందని, వసిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ విడిపోతుందని ఎన్నిసార్లు బోర్డు మీద గీశానో లెక్కలేదు. అయినా సఖినేటిపల్లి నుంచి అంతర్వేది వైపు వెళ్తూ ఆ నేలను చూస్తే ప్రతిసారీ కొత్తగా ఉంటుంది. ఇక్కడి ఇసుక, ఒండ్రు అంతా నది మోసుకొచ్చి పోసినదే. త్ర్యంబకేశ్వరం నుంచి 1465 కిలోమీటర్ల దారిలో మహారాష్ట్ర కొండల మట్టి, తెలంగాణ వాగుల ఇసుక, ఇంద్రావతి, శబరి తెచ్చి కలిపిన రేణువులు ఈ తీరంలో పేరుకున్నాయి. పైన ఆనకట్టలు పెరిగిన కొద్దీ ఆ రాక తగ్గి, తీరం చాలాచోట్ల కోసుకుపోతోంది. తాబేలు గుడ్లు పెట్టే చోటు కూడా అలా ఎన్నో రాష్ట్రాల చేతుల్లో ఉంది.

దారికి ఇరువైపులా కొబ్బరి తోటలు, వాటిని తినేస్తూ రొయ్యల చెరువులు. రొయ్యకూ తాబేలుకూ ఉన్న సంబంధం చాలామందికి తెలియదు. సముద్రంలో బోట్లు ఈడ్చుకుపోయే ట్రాల్ వలతో పట్టిన మన రొయ్యలను అమెరికా 2019 నుంచి కొనడం లేదు, ఆ వలల్లో తాబేళ్లు చనిపోతున్నాయన్నది కారణం. చెరువు రొయ్యలకు ఆ నిషేధం వర్తించదు. అందుకే ఈ చెరువుల దగ్గర ఆ మాటే వినిపించదు.

మేము దిగిన ఊరు అంతర్వేదికి తూర్పున ఉన్న మత్స్యకార గ్రామం. స్నేహితురాలు మమ్మల్ని ముందుగా ఒక పెద్దాయన ఇంటికి తీసుకెళ్లింది. డెబ్బై ఏళ్లు ఉంటాయి. అరుగు మీద కూర్చుని చిరిగిన వలను అల్లుతున్నాడు. కాలి బొటనవేలికి వల అంచు తగిలించి బిగలాగి, కుడిచేత్తో కండెను కన్నులోంచి పోనిచ్చి, ముడి వేసి, మళ్లీ లాగుతున్నాడు. మాట్లాడుతున్నంత సేపూ చెయ్యి ఆగలేదు. వాళ్ల నాన్న రోజుల్లో తాబేలు వలలో పడితే కూర్మావతారమని నొసట బొట్టు పెట్టి నీళ్లలో వదిలేవారట. "ఇప్పటికీ మా చిన్న పడవల వాళ్లం వదిలేస్తామమ్మా. అది వలను చింపేసినా సరే. ఈ చిరుగు కూడా తాబేలు చేసిందే" అని వలను ఎత్తి చూపించాడు. రెండు చేతులు పట్టేంత రంధ్రం. వల ఖరీదు మావాడు అడిగాడు కానీ, పెద్దాయన నవ్వి ఊరుకున్నాడు.

రాత్రి తొమ్మిదికి తీరానికి చేరాం. సరుగుడు తోట దాటగానే సముద్రపు హోరు మీద పడింది. అటవీశాఖ కాపలాదారు ఒకరు, ఊరి కుర్రాళ్లు ఇద్దరు మా వెంట ఉన్నారు. టార్చిలన్నీ ఆర్పించారు. కాపలాదారు దగ్గర మాత్రం ఎర్ర కాగితం చుట్టిన చిన్న దీపం ఉంది. తెల్లని వెలుతురు కనబడితే తల్లి తాబేలు వెనక్కి వెళ్లిపోతుంది. పిల్లలైతే సముద్రం అనుకుని వెలుగున్న వైపే పాకుతాయి. ఊరి వీధి దీపాలు, రొయ్యల చెరువుల దగ్గరి లైట్లు అన్నీ వాటికి దారి తప్పించేవే.

పదిన్నర దాటాక కుర్రాడొకడు నడుస్తూ నడుస్తూ టక్కున ఆగిపోయాడు. తడి ఇసుక మీద ట్రాక్టర్ చక్రం వెళ్లినట్టు ఒక జాడ పైకి పోతోంది. తిరిగి వచ్చిన జాడ లేదు. అంటే తల్లి ఇంకా పైనే ఉంది.

గుడ్లు పెట్టడం మొదలయ్యేదాకా దూరంగా కూర్చోబెట్టి, తరువాత వెనక వైపు నుంచి మాత్రమే దగ్గరికి రానిచ్చారు. రెండడుగుల పొడవు పైన ఉంటుంది, నలభై కిలోల బరువు ఉండవచ్చు. వీపు బూడిద ఆకుపచ్చ రంగులో ఉంది, ఒక పక్క చిన్న నత్తగుల్లలు అంటుకున్నాయి. వెనక రెక్కలను అరచేతిలా దోసిలిపట్టి తవ్విన గుంట మోచేతి లోతున కుండలా ఉంది, పైన ఇరుకు, లోపల వెడల్పు. అందులోకి రెండేసి, మూడేసి గుడ్లు జారుతున్నాయి. మెత్తని పెంకు, తెల్లగా, పింగ్‌పాంగ్ బంతులంత. మావాడు పెదవులు కదుపుతూ లెక్కపెడుతున్నాడు. తాబేలు కంటి నుంచి చిక్కటి నీరు ఇసుకలోకి కారుతోంది. వాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నొప్పితో ఏడుస్తోందనుకున్నాడు. ఒంట్లో చేరిన సముద్రపు ఉప్పును అలా బయటికి పంపుతుందని చెవిలో చెప్పాను.

పెట్టడం అయ్యాక ఇసుక కప్పి అది చేసిన పని నేను ఎన్నటికీ మరచిపోలేను. ఒంటిని ఒక పక్కకు ఎత్తి కింద వేయడం, మళ్లీ రెండో పక్కకు ఎత్తి వేయడం. ధబ్, ధబ్, ధబ్. అటుకులు దంచే రోకలి చప్పుడు గుర్తొచ్చింది. అంత అలసిన జీవి, అంత బరువుతో, ఇసుక గట్టిపడేదాకా ఆపలేదు. తరువాత రెక్కలతో చుట్టూ ఇసుక చెదరగొట్టి, వెనుదిరిగి చూడకుండా నీళ్లవైపు పాకింది. అల ఒకటి వచ్చి దాన్ని కప్పింది, తరువాత నల్లని నీరే మిగిలింది.

కాపలాదారు గుంట విప్పి గుడ్లు ఒక్కొక్కటే, దొర్లకుండా, పైన ఉన్న వైపు పైనే ఉండేలా బకెట్లోకి తీశాడు. 112. కుక్కలు, నక్కలు తెల్లారేలోపు తవ్వేస్తాయి కాబట్టి తోట పక్కన కంచె కట్టిన హేచరీలో అదే లోతున, అదే ఆకారంలో మరో గుంట తీసి పూడ్చాడు. పుల్లకు చీటీ కట్టి తేదీ, గుడ్ల సంఖ్య రాశాడు. గుంటలోని వేడిని బట్టి పిల్లలు ఆడవో మగవో తేలుతుంది. వేడి ఎక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి. ఎండలు ఇలా ముదిరితే ముందు ముందు ఏమవుతుందోనన్న భయం అక్కడ పనిచేసే అందరిలోనూ ఉంది.

హేచరీ పక్కన కూర్చుని మావాడి కోసం ఎర్ర దీపం వెలుగులో ఇసుక మీద పుల్లతో బంగాళాఖాతం గీశాను. పైన ఒడిశా. గహిర్మాత, దేవి నది మొగ, రుషికుల్య. రుషికుల్య దగ్గర 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టాయి. మన తీరానికి అలా గుంపులుగా రావు, ఈ రాత్రిలా ఒకటీ అరా ఎక్కుతాయి. కానీ ఆ లక్షల తాబేళ్లలో ఎన్నో మన నీళ్ల మీదుగానే పోతాయి. గుడ్లు పెట్టి శ్రీలంక వైపు దిగిపోతాయని ఉపగ్రహ పరికరాలు అమర్చి చూసినప్పుడు తెలిసింది. 2021లో గహిర్మాతలో రెక్కకు గుర్తింపు బిళ్ల వేసిన ఒక తాబేలు 2025 జనవరిలో ఎక్కడో అటు పడమటి తీరాన, మహారాష్ట్రలోని గుహాగర్‌లో గుడ్లు పెడుతూ కనబడింది. దాదాపు 3500 కిలోమీటర్లు.

"అయితే దాన్ని ఎవరు కాపాడాలి?" అన్నాడు వాడు. నేను ఇంత దూరం వచ్చింది ఆ ప్రశ్న కోసమే అనిపించింది.

దేశాలు కలిసి ఈ పని చేయగలవని నిరూపించిన వాళ్లు ఉన్నారు. ఫిలిప్పీన్స్, మలేషియా 1996లోనే తమ సరిహద్దుకు రెండు వైపులా ఉన్న 9 దీవులను కలిపి తాబేళ్ల కోసం ఒకే రక్షిత ప్రాంతంగా ప్రకటించుకున్నాయి. పసిఫిక్ సముద్రంలో కోస్టారికా, పనామా, కొలంబియా, ఈక్వెడార్ 2004లో చేతులు కలిపి, 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో తమ సముద్ర అభయారణ్యాలను ఒకదానితో ఒకటి కలుపుతామని ప్రకటించాయి. మరుసటి ఏడు ఈక్వెడార్ గాలాపగోస్ పక్కన 60,000 చదరపు కిలోమీటర్ల కొత్త అభయారణ్యాన్ని చేర్చింది, కోస్టారికా నీళ్ల దాకా తాబేళ్లు, సొరచేపలు పోయే దారిలో. మన హిందూ మహాసముద్రానికీ 2001లో ఒక ఒప్పందం వచ్చింది. శ్రీలంక, బంగ్లాదేశ్, మయన్మార్ సంతకాలు చేశాయి, 2007లో మనమూ చేశాం. అయితే అది చట్టంలా కట్టిపడేసేది కాదు. ఎవరి తీరంలో వారు మనస్ఫూర్తిగా అమలు చేస్తేనే దానికి విలువ.

"మరి ఇక్కడ అభయారణ్యం ఎక్కడుంది?" అన్నాడు. కాకినాడ వైపు కోరింగ, 1978 నుంచి ఉంది, మడ అడవులు, హోప్ ఐలాండ్ ఇసుక తిన్నెలు. దక్షిణాన కృష్ణా మొగల దగ్గర మరొకటి. ఆ రెండింటి మధ్య వసిష్ఠ, వైనతేయ సముద్రంలో కలిసే ఈ తీరం ఏ అభయారణ్యంలోనూ లేదు. పటంలో అక్కడ పుల్లతో ఒక సున్నా చుట్టాడు.

తెల్లవారి ఆరు గంటలకు తీరం వెంట నడిచాం. రెండు కిలోమీటర్లలో మూడు కళేబరాలు. మూడింటి వీపుల మీదా ఎర్ర రంగు గీత, ఒకటే రెండుసార్లు లెక్కలోకి రాకుండా కాపలాదారులు వేసినది. చివరిది కొత్తది. ఒంటి మీద దెబ్బ లేదు, డిప్ప పగల్లేదు. మెడ సాగిలపడి, నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. భగవద్గీతలో స్థితప్రజ్ఞుడిని తాబేలుతో పోల్చారు, అవయవాలను లోపలికి ముడుచుకున్నట్టు ఇంద్రియాలను ఉపసంహరించుకుంటాడని. సముద్ర తాబేలుకు ఆ వరం లేదు. తలను గానీ రెక్కలను గానీ డిప్పలోకి లాక్కోలేదు. వలలో చిక్కితే దాచుకోవడానికి దానికి ఏమీ లేదు.

"ఊపిరాడక పోయింది" అన్నాడు పెద్దాయన, మా వెనకే వచ్చి. తాబేలు చేపలా నీళ్లలో ఊపిరి తీసుకోలేదు, పైకి రావాలి. సోనా బోట్లనే పెద్ద మర బోట్ల వాళ్లు ట్రాల్ వలను రెండు, మూడు గంటలు ఆపకుండా లాగుతారు. మర బోట్లు తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపలికి రాకూడదని మన రాష్ట్రంలో నియమం ఉంది. పెద్దాయన చెయ్యెత్తి చూపించిన చోట, కళ్లకు స్పష్టంగా కనబడేంత దగ్గరలో, రెండు బోట్లు నెమ్మదిగా పోతున్నాయి. "మా వలలను కోసుకుపోయేవీ అవే, తాబేలును చంపేవీ అవే" అన్నాడు. ఆ మాటలో చిన్న పడవల వారి బాధ, తాబేలు బాధ ఒక్కటే అయ్యాయి. తాబేళ్ల సంరక్షణ అనగానే మత్స్యకారుల పొట్టకొట్టడమని భయపడేవారు ఒకసారి ఈ ఊరికి వచ్చి ఆయనతో మాట్లాడాలి.

వలలో అమర్చే ఇనుప చట్రం ఒకటి ఉంది, టెడ్ అంటారు. రొయ్య, చేప కమ్మీల సందులోంచి వెనక్కి పోతాయి, తాబేలు కమ్మీలకు తగిలి పైనున్న కన్నంలోంచి బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగినట్టు తయారుచేసింది. చేప కూడా కొంత జారిపోతుందని బోట్ల వాళ్లు బిగించరు. ఆ నష్టం నిజమే అయితే దాన్ని ప్రభుత్వం భరించాలి. కూలికి వెళ్లే కళాసీ మీద వేయడం న్యాయం కాదు.

నన్ను ఎక్కువగా బాధించింది మాత్రం క్యాలెండరు. ఒడిశాలో ఆ మూడు మొగల దగ్గర నవంబరు 1 నుంచి మే 31 దాకా తీరానికి 20 కిలోమీటర్ల లోపు వేట ఆపుతారు. మన దగ్గర వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. అది చేపల సంతానోత్పత్తి కోసం పెట్టినది, మంచిదే. కానీ తాబేళ్లు వచ్చేది జనవరి నుంచి మార్చి దాకా. అదే తాబేలు, అదే సముద్రం. రాష్ట్రం గీత దాటగానే దానికి కాపు పోతోంది. నాలుగు దేశాలు కలిసి చేయగలిగిన పనిని పక్కపక్కనే ఉన్న రెండు రాష్ట్రాలు చేయలేవా? తీరమంతా మూయమని ఎవరూ అడగడం లేదు. ఈ మొగల దగ్గర, ఆ మూడు నెలలు, మర బోట్లకు మాత్రం సెలవిచ్చి, వేట నిషేధం రోజులకు ఇచ్చే భృతినే అప్పుడూ ఇస్తే పెద్దాయన లాంటి వారి వలలూ మిగులుతాయి.

మధ్యాహ్నం తిరుగు ప్రయాణానికి ముందు మావాడు హేచరీ దగ్గరికి మరోసారి వెళ్లాడు. కంచె అవతల నిలబడి చీటీ మీది అక్షరాలను నోటుబుక్కులో ఎక్కించుకున్నాడు. మార్చి 5, 112 గుడ్లు. పిల్లలు ఎప్పుడు బయటికొస్తాయని కాపలాదారును అడిగితే యాభై రోజులు పట్టవచ్చు అన్నాడు. పంటు మీద కూర్చుని వేళ్ల మీద లెక్కవేసి ఏప్రిల్ 24 అని రాసుకున్నాడు. అప్పటికి బోట్లన్నీ రేవులో కట్టేసి ఉంటాయి కదా అత్తా, అని సంబరపడ్డాడు.

తల్లి మాత్రం ఆ రాత్రే నీళ్లలోకి వెళ్లిపోయింది. ఏప్రిల్ 15కు అప్పటికి ఇంకా 41 రోజులు.