వెర్దిక్కియో, సాన్ బెనెదెత్తో చేపల పులుసు: ఇంకా కుదరని జోడీ

ఈసారి కూడా నాలుక మీద చేదే మిగిలింది. ఇటలీ తెల్ల వైన్లన్నింటిలోకీ నాకు ప్రాణం వెర్దిక్కియో, అందులోనూ కాస్తెల్లి ది యేజీ అనే చోటిది. అది పండే మార్కె ప్రాంతపు తీరంలోనే వండే బ్రొదెత్తో అనే చేపల పులుసు పక్కన అది నిలవలేకపోవడం నాకు మింగుడు పడటం లేదు.

కుదిరినవి ముందు చెప్పేస్తాను. పోర్తొనోవో ఆలిచిప్పలను నిమ్మరసం పిండకుండా ఆవిరి మీద ఉడికిస్తే అద్భుతం. మాంసం కూరి వేయించిన ఆస్కొలి ఆలివ్‌లకు ఇంతకన్నా మంచి తోడు లేదు.

మొండికేసింది సాన్ బెనెదెత్తో దెల్ త్రొంతో ఊరి బ్రొదెత్తో పద్ధతి. అదే తీరంలోని అంకోనా నగరం వాళ్లు ఎర్ర టమాటాతో, 13 రకాల చేపలు ఉండాలంటూ వండుతారు. సాన్ బెనెదెత్తోలో మాత్రం పచ్చి టమాటా, క్యాప్సికం, వినెగర్. కిలో చేపలకు నేను వేసినవి: పచ్చి టమాటా 400 గ్రాములు, క్యాప్సికం 200, వినెగర్ 60 మిల్లీలీటర్లు. వైన్ 8 డిగ్రీల చల్లదనంలో ఉంది. పులుసు తినకముందు గుటకలో నిమ్మ, ఆకుపచ్చ ఆపిల్ వాసన స్పష్టంగా తెలిశాయి. తిన్నాక ఆ వాసన పోయింది, పులుపు నీళ్లలా పలచబడింది, గొంతు దగ్గర చేదు పట్టుకుంది.

వినెగర్‌ను 30కి తగ్గించి, మూత లేకుండా ముందే మరిగించాను. ముక్కులోకి కొట్టే ఘాటు తగ్గి వైన్ వాసన తిరిగొచ్చింది, చేదు మాత్రం కదల్లేదు. వైన్‌ను 12 డిగ్రీలకు రానిచ్చాను. చేదు కాస్త మెత్తబడింది కానీ పోలేదు.

అప్పుడు గిన్నెలోవి విడివిడిగా రుచి చూశాను. సెపియా (కణవాయి లాంటి సముద్ర జీవి), టేకు చేప ముక్కలతో వైన్ హాయిగా ఉంది. వైన్‌లోని ఇనుము చేప కొవ్వుతో కలిసి నీచు రుచి తెస్తుందంటారు, ఇక్కడ ఆ అనుమానం అక్కర్లేదు. పచ్చి టమాటా వైన్‌ను పలచన చేసిందే తప్ప చేదు తేలేదు. క్యాప్సికం ముక్క నమిలి ఒక్క గుటక వేయగానే దొంగ దొరికాడు. వెర్దిక్కియో చివర్లో సహజంగానే చేదు బాదం రుచి ఉంటుంది, దానికి క్యాప్సికం పచ్చి చేదు తోడై రెట్టింపు అవుతోందని నా ఊహ. అదే ముక్క మీద చిటికెడు ఉప్పు చల్లితే చేదు సగం అణిగింది. క్యాప్సికాన్ని కాల్చి తొక్క తీసి వేస్తే ఇంకా తగ్గాలి. తీసేస్తే సరిపోతుంది కదా అంటారేమో. అది లేకపోతే అది సాన్ బెనెదెత్తో వంటే కాదు.

సీసాల మాటకొస్తే, 1953లో వచ్చిన ఫాత్సి బత్తాలియా కంపెనీ వారి ఆంఫోరా (పాతకాలపు రెండు చెవుల కూజా) ఆకారపు ఆకుపచ్చ సీసా చూడముచ్చటే, కానీ ఇలాంటి పులుసుకు నేను ఉమానీ రోంకీ వారి కాజల్ ది సెర్రా వైపే మొగ్గుతాను. దాని ఒళ్లు కొంచెం నిండుగా ఉంటుంది. కొత్త ఓక్ పీపాల్లో పెట్టిన వెర్దిక్కియో నాకు రుచించదు. ఆ వెనిలా వాసన చేపకు అడ్డమే.

తర్వాత మార్కెలోనే మాతెలికా అనే చోటి వెర్దిక్కియో తెరవాలి. సముద్రానికి దూరంగా కొండల మధ్య లోయలో పండుతుంది, పులుపుకు బిగువెక్కువ. దానికి పోర్తొ రెకనాతి ఊరి బ్రొదెత్తో వండుతాను, అందులో టమాటా ఉండదు, అడవి కుంకుమపువ్వుతో పసుపు రంగు తేలుతుంది. మన చింతపండు పులుసు మీద కూడా కన్నుంది. చింతపండు పులుపుకూ ద్రాక్ష పులుపుకూ మూలం టార్టారిక్ ఆమ్లమే. అది వినెగర్‌లా ఆవిరై ముక్కుకెక్కదు. కారం బాగా తగ్గించి, పులుసు పలచగా కాచి, సీసా 10 డిగ్రీల దగ్గర ఉంచి చూస్తాను.