రెండు భాషల ఇంట్లో పసిపాప

బావ తన మాతృభాషలో ఏదో చెబుతున్నంతసేపూ, ఇంకా ఏడాది నిండని మేనకోడలు నా ఒళ్ళో కూర్చుని ఆయన కళ్ళకేసి కాక పెదవులకేసే చూసింది. అక్క తెలుగులో పలకరించగానే తల తిప్పి, అక్క నోటినీ అంతే దీక్షగా పరిశీలించింది.

రెండు భాషలు వింటూ పెరిగే పసివాళ్ళు, ఒకే భాష వినేవారికంటే ఎక్కువగా మాట్లాడేవారి నోటిని గమనిస్తారని పరిశోధకులు చూపించారు. చెవికి అందే ఆధారం చాలనప్పుడు కంటిని కూడా పనిలో పెట్టడమన్నమాట.

ఈ వయసు మామూలుది కాదు. ఇంగ్లీషు ఇళ్ళలోని 6 నుంచి 8 నెలల పిల్లలు తామెన్నడూ వినని హిందీ హల్లుల మధ్య తేడాను కూడా పసిగట్టగలరని, ఏడాది నిండేసరికి ఆ నేర్పు బాగా తగ్గిపోతుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో తేల్చారు.

"రెండు భాషలైతే పిల్లకు మాటలు ఆలస్యమవుతాయి, ఒకటి మానేయండి" అని పెద్దవాళ్ళొకరు సలహా పారేశారు. (సలహాలకు మా ఇంట్లో ఏనాడూ కరువు లేదు.) ఒక్క భాషలోని మాటలనే లెక్కిస్తే తక్కువగా కనిపించవచ్చు గాని, రెండింటివీ కలిపి చూస్తే ఇలాంటి పిల్లలు సాధారణంగా తోటిపిల్లలకు తీసిపోరు.

బావ భాషను ఫోనులో వీడియోలు పెట్టి నేర్పిద్దామన్న ఆలోచన మాత్రం నాకు నచ్చలేదు. 2003లో భాషాభ్యాస పరిశోధకురాలు పట్రీషియా కుల్ బృందం జరిపిన ప్రయోగంలో 9 నెలల పిల్లలు మనిషి ఎదురుగా కూర్చుని ఆడించినప్పుడే చైనా భాష మాండరిన్ ధ్వనులను పట్టుకున్నారు. అదే మనిషిని తెరమీద చూపిస్తే ఏమీ నేర్చుకోలేదు.