మేక మోకాలు విప్పి చూడటం: నా అనుభవం

కీళ్ళు ఎలా పనిచేస్తాయో కోసి చూడటానికి మేక కాలు కొనాలంటే, మటన్ కొట్టులో ముందు మనమే నోరు విప్పాలి. "తొడ" అనగానే కాలు మొద్దు మీదకెక్కుతుంది, "ఆగన్నా" అనేలోపు మోకాలు రెండు ముక్కలవుతుంది. నేను అడిగేది ఇది: ఏడాది లోపు మేక వెనక కాలు, మోకాలికి పైనా కిందా పదేసి సెంటీమీటర్ల ఎముక ఉంచి, కీలు దగ్గర కత్తి తగలకుండా. దాంతోపాటు ఒక తలకాయ. ఎడమ కాలో కుడి కాలో అక్కడే దారం కట్టి గుర్తు పెట్టుకుంటాను.

చాలామంది పొరబడేది ఇక్కడే. మేకకి వెనక్కి మడిచినట్టు కనపడే కీలు మోకాలు కాదు, మడమ. అసలు మోకాలు దానికంటే పైన, పొట్ట పక్కగా ఉంటుంది. మోకాలిచిప్ప చేతికి తగిలితే సరైన చోటే ఉన్నట్టు.

పైకండ తీయడానికి 22 నంబరు సర్జికల్ బ్లేడు, లోపలికి 15 నంబరు. బ్లేడు మార్చేటప్పుడు వేళ్ళతో పట్టుకోకూడదు, ఆర్టరీ ఫోర్సెప్స్‌తోనే (డాక్టర్లు వాడే బిగింపు పట్టకారు). గ్లవ్స్ తప్పనిసరి. లీటరు నీళ్ళకి 9 గ్రాముల ఉప్పు కలిపి పక్కన పెట్టుకుంటాను. తెరిచాక మృదులాస్థి (ఎముక చివర ఉండే నున్నటి పొర) ఫ్యాను గాలికి ఇట్టే ఆరిపోయి పసుపుబారుతుంది. ఆ నీటిలో తడిపిన గుడ్డ కప్పుతూ ఉండాలి.

కోయకముందే 18 గేజ్ సూదితో చిప్ప పక్కనుంచి ద్రవం లాగాలి. తెరిచాక లాగుదామంటే రక్తం కలిసిపోతుంది. వచ్చేది కొన్ని చుక్కలే. మనిషి మోకాలిలోనే మామూలుగా నాలుగు మిల్లీలీటర్లకు మించదు. ఒక చుక్క బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా విడదీస్తే గుడ్డు తెల్లసొనలా తీగ సాగుతుంది. ఆ జిగురు హయలురోనిక్ ఆమ్లం వల్ల. వాపు వచ్చిన కీలులో అది విరిగిపోయి ద్రవం నీళ్ళలా కారుతుంది, తీగ సాగదు.

తెరిచేటప్పుడు చిప్ప కింది బంధనాన్ని అడ్డంగా కోసేస్తారు కొందరు. దాని వెనక కొవ్వు గుత్తి ఉంటుంది, అది చితికి అంతా జిడ్డవుతుంది. చిప్పకి లోపలి వైపున, ఎముక పొడుగునే గాటు పెట్టి, చిప్పని బయటికి తిప్పేస్తే కీలు పుస్తకంలా తెరుచుకుంటుంది. గుళిక (కీలు చుట్టూ ఉండే సంచి) లోపలి పొర గులాబి రంగులో మెరుస్తుంది. ఎముక చివరి మృదులాస్థిది నీలి ఛాయ తెలుపు, వేలు పెడితే జారిపోతుంది. అక్కడ రక్తనాళం లేదు, నరం లేదు. కీలు కదిలినప్పుడల్లా ఒత్తిడికి లోపలికీ బయటికీ వెళ్ళే ఆ ద్రవమే దానికి తిండి.

బయటి వైపు ముందుభాగంలో తెల్లగా ఒక తాడు కీలులోంచే దిగుతుంది. మనిషి బొమ్మ పక్కన పెట్టుకుని చూసేవాళ్ళు దాన్ని అదనపు సంధిబంధనం అనుకుంటారు. కాదు, వేళ్ళని చాచే కండరపు స్నాయువు. మేకలో అది తొడ ఎముక నుంచి మొదలవుతుంది, మనలో మోకాలి కింద నుంచి.

ఏదీ తెంచకముందే కీలుని మడిచి, మోకాలి కింది కాలి ఎముకని ముందుకి లాగి చూడాలి. కదలదు. ఇప్పుడు ముందరి క్రూసియేట్ (కీలు లోపల ఒకదానికొకటి అడ్డంగా ఉండే రెండు బంధనాల్లో ముందుది) ఒక్కటి కోసి మళ్ళీ లాగితే డ్రాయరులా ముందుకొస్తుంది. ఆర్థోపెడిక్ డాక్టరు మంచం మీద కాలు మడిచి లాగి చూసే పరీక్ష ఇదే.

స్కూలు పుస్తకం మోకాలిని మడతబందు కీలు అని ఆపేస్తుంది. అది సగమే. కుర్చీలో కూచుని, మోకాలు మడిచి, పాదాన్ని లోపలికీ బయటికీ తిప్పండి, కాలి ఎముక తిరగడం చేతికి తెలుస్తుంది. కాలు చాపితే ఆ తిరుగుడు తుంటిలోంచే వస్తుంది. మోచేతిలో భుజపుటెముకకీ అల్నాకీ (ముంజేతి ఎముకల్లో చిటికెనవేలి వైపుది) మధ్య ఉన్నదే అసలైన మడతబందు.

మెనిస్కస్‌లు (రెండు ఎముకల మధ్య మెత్తల్లా ఉండే మృదులాస్థి ముక్కలు) రెండూ తీసేసి ఎముకలని మళ్ళీ కలిపితే గుండ్రటి తొడ ఎముక బల్లపరుపు మీద బంతిలా దొర్లుతుంది. తీసినదాన్ని అడ్డంగా కోస్తే బయటి అంచు మందం, లోపలి అంచు పలచన. మనిషిలో రక్తం అందేది బయటి అంచుకే, అందుకే లోపలి అంచు చిరిగితే అతకదు.

ఇక యాక్సా బ్లేడుతో తొడ ఎముక చివరని నిలువుగా కోయాలి. కీలుకి కొద్ది దూరంలో ఎముకకి అడ్డంగా తెల్లటి గీత కనిపిస్తుంది. అది పెరుగుదల ఫలకం, మృదులాస్థి కీళ్ళలో ఒక రకం. పిల్లల ఎక్స్‌రేలో ఇదే ఖాళీగా కనపడి ఎముక విరిగిందేమోనని భయపెడుతుంది. లేత మేక కాళ్ళ పులుసులో ఎముక చివర టోపీలా ఊడొస్తుందే, అదీ దీని వల్లనే: ఉడికితే కొల్లాజెన్ జెలటిన్‌గా మారి పట్టు వదిలేస్తుంది.

ఎముకలు పీచుతో బిగిసి ఉండే పీచు కీళ్ళు చూడటానికి తలకాయ. పుర్రె మీద చర్మం ఒలిస్తే వంకరటింకర కుట్లు. దవడలో పన్ను కూర్చున్న చోటు కూడా పీచు కీలే. కింది ముందరి పళ్ళని వేలితో కదిపితే కొద్దిగా ఊగుతాయి, అది జబ్బు కాదు. మేకకి పైన ముందరి పళ్ళుండవు, కింది పళ్ళని పైనున్న గట్టి చిగురుకి ఆనించి ఆకు తెంపుతుంది.