బకెట్ కింద మొక్క

పొద్దున్నే మొక్కజొన్న చేలోకి వెళ్ళి బకెట్ ఎత్తి చూశాను. మందు కొట్టి ఇవాళ్టికి ఐదో రోజు. కొట్టిన సాయంత్రమే ఒక ముళ్ళతోటకూర మొక్క మీద బకెట్ బోర్లించి, పక్కదాన్ని ఎండకి వదిలేశాను. రెండింటి మీదా పడింది ఒకే కలుపు మందు, అట్రజిన్. ఎండలో ఉన్నదాని ఆకులు అంచుల నుంచి పసుపెక్కి లోపలికి మాడుతూ వస్తున్నాయి. ఒక అంచుని వేళ్ళతో నలిపితే పొడి పొడి అయింది. బకెట్ కిందిది కాస్త పాలిపోయింది, అంతే. ఆకు ఇంకా మెత్తగానే ఉంది.

అక్కడే గట్టు మీద చాలాసేపు కూర్చుండిపోయాను. ఇన్నేళ్ళూ నేను అనుకున్నది వేరు. మందు కిరణజన్య సంయోగక్రియని ఆపేస్తుంది, ఆకుకి తిండి తయారవదు, మొక్క ఆకలితో చచ్చిపోతుంది అనుకునేదాన్ని. అదే అయితే ముందు పోవాల్సింది బకెట్ కిందిదే కదా! ఐదు రోజులుగా పస్తున్నది అదే.

చంపింది ఆకలి కాదు, వెలుతురు. పత్రహరితం వెలుతురుని పట్టుకోగానే ఎలక్ట్రాన్లు ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి అందినట్టు కదులుతాయి. ఆ వరసలో డీ1 అనే ప్రోటీన్ ఉంది, అందులో ఒక చిన్న గూడు. ప్లాస్టోక్వినోన్ అనే అణువు ఆ గూట్లోకి వచ్చి ఎలక్ట్రాన్లు తీసుకుని వెళ్ళాలి. అట్రజిన్ ముందే వచ్చి ఆ చోట కూర్చుంటుంది. ఇక ఎలక్ట్రాన్లు కదలవు, ఎండ మాత్రం కాస్తూనే ఉంటుంది. పట్టుకున్న శక్తికి దారి దొరక్క, అది పక్కనున్న ఆక్సిజన్‌ని రెచ్చగొడుతుంది. ఆ ఆక్సిజన్ కణాల పొరల్లోని కొవ్వుని చీల్చేస్తుంది. పొరలు పాడైతే లోపలి రసం కారిపోయి ఆకు ఎండుతుంది. తన బతుకుకి ఆధారమైన వెలుతురే దాన్ని కాల్చేయడం తలుచుకుంటే, కలుపు మొక్కే అయినా మనసు చివుక్కుమంది.

అంచులే ముందు మాడడానికి కారణం కూడా ఉంది. ఈ మందు ఆకులో నీటితో పాటు ప్రయాణించి చివర్లకి చేరుతుంది. బకెట్ కింద ఆకు నీటిని పెద్దగా లాగదు కాబట్టి మందు అంతగా పాకలేదు, అదీ దానికి కలిసొచ్చింది.

మొక్కజొన్నలోనూ అదే గూడు ఉంది. కానీ దాని ఆకులు అట్రజిన్‌కి గ్లూటాథయోన్ అనే తమ సొంత అణువుని తగిలించి, పనికిరాకుండా చేసేస్తాయి. అందుకే చుట్టూ కలుపు మాడుతున్నా అది నిగనిగలాడుతోంది.

చేను చివరి సాలులో మాత్రం రెండు తోటకూర మొక్కలు ఎండలోనే పచ్చగా నిలబడి ఉన్నాయి. చూడగానే టెన్షన్ పట్టుకుంది. మందు సరిగ్గా తగలకపోయి ఉండొచ్చు, ఇంకోటి కూడా అయి ఉండొచ్చు. 1968లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక నర్సరీలో, ఈ జాతి మందులకి చావని కలుపు మొదటిసారి కనబడింది. అలాంటి మొక్కల్లో డీ1 ప్రోటీన్‌లోని 264వ స్థానంలో సెరిన్ అనే అమైనో ఆమ్లం పోయి, గ్లైసిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం వచ్చింది. అంత చిన్న మార్పుకే గూట్లో మందు కుదురుకోదు. ఆ జన్యువు ఉండేది హరితరేణువులో. అంటే పుప్పొడితో కాదు, తల్లి మొక్క విత్తనంతోనే తర్వాతి తరానికి వెళ్తుంది. ఒక్క ముళ్ళతోటకూర మొక్క వేలకి వేల గింజలు రాలుస్తుంది.

ఆ రెండింటికీ ఇంకా కంకి రాలేదు. ముళ్ళు గుచ్చుకుంటున్నా మొదలు పట్టుకుని, వేరుతో సహా పీకేశాను. వచ్చేటప్పుడు బకెట్ కిందిదాన్ని కూడా.