దిండు కింద పుస్తకం

నిన్న ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చుని రే బ్రాడ్‌బరీ 1953 నాటి నవల 'ఫారెన్‌హీట్ 451' రెండోసారి ముగించాను. అందులో పుస్తకాలు ఉంచుకోవడం నేరం; వాటిని కాల్చేయడమే అగ్నిమాపక దళం పని. మొదటిసారి మంటలే గుర్తుండిపోయాయి. ఈసారి ఆ దళం కెప్టెన్ బీటీ మాటలు వదలడం లేదు.

బీటీ కింద పనిచేసే మాంటాగ్ జబ్బని మంచం పట్టి, దిండు కింద పుస్తకం దాచుకుంటాడు. దిండు సర్దబోయిన భార్య చేతికి అది తగులుతుంది. ఎదురుగా బీటీ తాపీగా పైపు వెలిగించుకుని పాఠం చెబుతుంటాడు. ఈ పుస్తకాల నిషేధం ప్రభుత్వం రుద్దినది కాదట! జనమే చదవడం మానుకున్నారట, ఒక్కో వర్గం నొచ్చుకున్నకొద్దీ పుస్తకాలు పలచబడ్డాయట.

వినడానికి ఎంత బాగుందో! కానీ ఎవరికీ అక్కర్లేని పుస్తకాల కోసం ఇళ్ల మీదికి ఆ దళం వేటయంత్రం మరకుక్కను తోలడం దేనికి? మన 'మాలపల్లి'ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది జనం అడిగితేనా? పైగా బీటీ నోరు తెరిస్తే ఆ కాల్చిన పుస్తకాల వాక్యాలే.

అయినా అతణ్ణి పూర్తిగా కొట్టిపారేయలేను. పోయిన నెల మా అపార్ట్‌మెంట్ సంచికకు రాసిన కథలో, జాలారిపేట నుంచి చేపలు తెచ్చే ఆవిడ నోట పెట్టిన తిట్టును, ఎవరూ అడగకముందే నేనే కొట్టేశాను.

"ఆ తిట్టు లేకపోతే ఆవిడ ఆవిడలా లేదే" అంది మా అక్క.

చిత్తుప్రతి ఇంకా నా సంచిలోనే ఉంది. గీత కింద ఆ మాట చక్కగా కనబడుతూనే ఉంది.