దూరం వెళ్తేనే తగ్గే పాట

మా పై ఇంటి అంకుల్ పోయి నెల దాటింది. ఆర్మీ బ్యాండ్‌లో బ్యాగ్‌పైప్ వాయించి రిటైరైన మనిషి, సొంతూరు చిత్తూరు దగ్గర పల్లె. బెంగళూరులో అల్సూరు చెరువు పక్కన ఆర్మీలోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ వాళ్ల సెంటర్ ఉంది కదా, అటు నుంచి బ్యాండ్ వినిపిస్తే చాలు కాఫీ గ్లాసు పట్టుకుని బాల్కనీలోకి వచ్చేసేవారు.

ఒకరోజు తన పైప్‌ని నా ఒళ్లో పెట్టి ఏది ఏమిటో చూపించారు. చంకలో ఇరికించుకునే తిత్తి, గాలి ఊదే గొట్టం, వేళ్లు ఆడించే చాంటర్ అనే గొట్టం, భుజం మీద డ్రోన్లు అనే మూడు శ్రుతి గొట్టాలు. చాంటర్‌లో ఉన్నవి 9 స్వరాలే, డ్రోన్లు మూడూ శ్రుతి పట్టుకుని అలాగే మోగుతూ ఉంటాయి. "మన పక్క కథ చెప్పేవాళ్ల వెనక మేకతోలు తిత్తితో శ్రుతి పట్టేవాళ్లు లే? దానికే పాట కూడా వస్తే ఇది నాయనా" అన్నారు. తిత్తిలో గాలి ఉన్నంతసేపూ మోత ఆగదు, కాబట్టి పాటలో ఎక్కడా విరామం ఉండదు, ఒకే స్వరం రెండుసార్లు పలకాలన్నా మధ్యలో వేలు తప్పించి ఇంకో చిన్న స్వరం తగిలించాల్సిందే. గట్టిగా, మెల్లగా అనేది కూడా లేదు. సన్నాయి వాయించేవాళ్లు ఊపిరితోనే పాటను సన్నబరచగలరు, దీంట్లో ఒత్తిడి తగ్గిస్తే శ్రుతి చెడుతుంది అంతే.

మరి చివర్లో పాట తగ్గాలంటే?

2022 సెప్టెంబరు 19న ఎలిజబెత్ రాణి అంత్యక్రియలు మా ఇంట్లోనే టీవీలో చూశాం. వెస్ట్‌మినిస్టర్ అబేలో చివరికి పాల్ బర్న్స్ అనే పైపర్ ఒక్కడే వాయించాడు. రాణి కిటికీ కింద పొద్దున 9 గంటలకు 15 నిమిషాలు వాయించే ఉద్యోగం అతనిది, విక్టోరియా రాణి కాలంలో 1843లో మొదలైంది. "వేళ్లు చూడొద్దు, కాళ్లు చూడు" అన్నారు అంకుల్. అతను వాయిస్తూనే వెనక్కి తిరిగి నడిచి వెళ్లిపోయాడు. పాట అలా తగ్గింది. మా ఊళ్లో డప్పులు శవం ముందు నడుస్తాయి, స్కాట్లండ్‌లోనూ పైపర్ శవపెట్టె ముందు నడుస్తాడు, కానీ ఆఖరున పోయిన మనిషిని అక్కడే ఉంచి పాట వెళ్లిపోవడం నేను అంతకు ముందు చూడలేదు. బ్యాండ్ మొత్తం ఉంటే అది ఊరేగింపు అయిపోతుంది, అందుకే ఒక్కడే ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

'ఫ్లవర్స్ ఆఫ్ ది ఫారెస్ట్' వాయించమని ఆయన్ని చాలాసార్లు అడిగాను. 1513లో ఫ్లాడెన్ యుద్ధంలో స్కాట్లండ్ రాజు నాలుగో జేమ్స్, ఆయనతో పాటు వేలమంది పోయారు, వాళ్ల కోసం ఏడ్చే పాట అది. చాలామంది పైపర్లు చావులప్పుడు, అమరుల స్మారక కార్యక్రమాల్లో తప్ప నలుగురిలో దాన్ని వాయించరు. "అడిగితే వాయించేది కాదు నాయనా అది" అనేవారు ప్రతిసారీ, ఇంకేదైనా ఎత్తుకునేవారు.

ఆయన్ని కల్పల్లి శ్మశానానికి తీసుకెళ్లే ముందు బ్యాండ్‌లో ఆయనతో పనిచేసిన స్నేహితుడు ఒకాయన ఆటోలో వచ్చారు, పైప్ పెట్టె ఒళ్లో పెట్టుకుని. ఆంటీ తల ఊపాక గేటు దగ్గర నిలబడి తిత్తి నింపారు, అరచేత్తో ఒక్కటి చరిచారు, డ్రోన్లు లేచాయి. ఆ పాటే. మొదటిసారి విన్నాను. గోడ అవతల ఆడుకుంటున్న పిల్లలు కూడా ఆట ఆపేశారు. రెండోసారి ఎత్తుకున్నాక ఆయన మా వైపు వీపు తిప్పి, నిలిపిన స్కూటర్ల మధ్యగా సందు చివరికి నడిచారు, మలుపు తిరిగారు, కాసేపు వినిపించింది, తర్వాత మెయిన్ రోడ్డు బస్సుల మోత ఒక్కటే. ఆంటీ మలుపు వైపే చూస్తూ నిలబడ్డారు.

పది నిమిషాలకు ఆయన తిరిగొచ్చారు. చొక్కా అంతా తడిసిపోయింది. మంచినీళ్లు అడిగారు.